మొదటి డబ్బా

1957 వానాకాలంలో నన్ను డోన్ దగ్గరి మిరప నారుతోటకు ఫీల్డ్‌మన్‌గా వేశారు. నా పైన వ్యవసాయశాఖ డిమాన్‌స్ట్రేటర్ గారు, నా కింద రోజుకూలీకి వచ్చే మరియమ్మ. పన్నెండు మడులకూ రోజ్‌క్యాన్‌తో నీళ్లు పోసేది ఆమే. రోజ్‌క్యాన్ అంటే మూతికి చిల్లుల బిళ్ల ఉండే రేకుడబ్బా. చిల్లులు పూడితే ధార లావై లేతమొక్కలు పడిపోతాయని, మరియమ్మ రోజూ పొద్దున్నే ఆ బిళ్లను ఇటుకపొడితో తళతళా తోమేది.

నారు పీకడానికి నాలుగు రోజులుందనగా కుళ్లు తెగులు తగిలింది. మొదళ్లు మెత్తబడి మొక్కలు వరసగా ఒరిగిపోతున్నాయి. వాన పడి, చుట్టుపక్కల రైతులంతా పొలాలు దున్నుకుని ఈ నారు కోసమే కాచుక్కూర్చున్నారు. మధ్యాహ్నానికల్లా మందు పడాలని చెప్పి డిమాన్‌స్ట్రేటర్ గారు వెళ్లిపోయారు.

మట్టిబానల్లో మైలుతుత్తం వేరుగా, సున్నం వేరుగా కరిగించి కలిపాను. ఆ తర్వాత చాకు ముంచి చూడాలి. చాకుకు తుత్తంలోని రాగి పట్టి ఎర్రబడిందంటే సున్నం చాలలేదని, ఆ మందు ఆకును కాల్చేస్తుందని లెక్క. తొందరలో నేనది మానేశాను.

మరియమ్మ డబ్బా నింపుకుని మడి మీదికి వంచబోయి ఆగిపోయింది. "సార్, పొద్దున తోమిన బిళ్ల, ఎట్ల ఎర్రబారతాండాదో చూడండి. ఈ మందు నేను పొయ్యను" అంది.

నాకు ఒళ్లు మండింది. మందు సంగతి నీకేం తెలుసు, రేపట్నుంచి పనికి రావద్దు అని అరిచాను. డబ్బా లాక్కుని ఒక మడంతా నేనే పోశాను. ఖాళీ డబ్బా కింద పెడుతూ చూద్దును కదా, బిళ్ల కొత్త రాగిచెంబులా ఉంది! జేబులో చాకు తీసి బానలో ముంచాను. అదీ ఎర్రబడింది. మూతి కట్టని సంచిలో సున్నం ఎన్నాళ్లనుంచి ఉందో, గాలికి చచ్చిపోయింది. అప్పటికప్పుడు కొత్త సున్నం తెప్పించి, చాకు తెల్లగా వచ్చేదాకా కలిపాను. మరియమ్మ గట్టు మీదే కూర్చుని ఉంది. సిగ్గు చంపుకుని, తప్పు నాదే, రేపు కూడా రమ్మన్నాను. ఆమె డబ్బా అందుకుని మిగతా మడులన్నిటికీ పోసింది.

మర్నాటికి నేను పోసిన మడి మాడిపోయింది. పదకొండు నిలబడ్డాయి. మరియమ్మ ఆ మడి చూసి, "ఇది నేను పోసింటే నా మీదికే తోసుందురు గదా సార్?" అంది.

తోసేవాణ్ణే. రిపోర్టులో ఏమని రాసేవాణ్ణో కూడా నాకు తెలుసు. ఆనాటినుంచి రిటైరయ్యేదాకా నా తోటల్లో ఒకటే రూలు: మందు కలిపినవాడే మొదటి డబ్బా పోయాలి.