ఇరాంగని అక్క ఇచ్చిన యోగ్యతాపత్రం

మా ఊరు మొరటువలో వడ్రంగి మేస్త్రీని బాస్ అంటారు. అలాంటి మెండిస్ బాస్ ఇరవై రెండేళ్లు ఇంటి వెనక కొట్టంలో ఒంటరిగా కుర్చీలు చేశాడు. ఇప్పుడు ఫ్యాక్టరీ ఉద్యోగానికి వెళితే, బంధువు కాని మనిషి చేత మంచివాడని రాయించుకు రమ్మన్నారు. ఎవరితోనూ మాట్లాడని మనిషి ఎవర్ని అడుగుతాడు, నా తలకాయ! చివరికి తనమీద గ్రామాధికారికి ఫిర్యాదు చేసిన పక్కింటి ఇరాంగని అక్క దగ్గరికే వెళ్లాడు.

"నీ గురించి నాకేం తెలుసు బాసూ?"

"ఆ ఫిర్యాదులో రాశారుగా అక్కా."

అక్క దాచుకున్న నకలు తీసి చదివింది. 'తెల్లవారుజామున ఐదింటికే సుత్తి పట్టుకుంటాడు. ఆదివారం కూడా ఆపడు. పలకరించినా పని మీంచి తలెత్తడు.' పైనున్న ఫిర్యాదు అనే మాట కొట్టేసి, సంతకం పెట్టి బాస్ చేతికిచ్చింది.

"ఉద్యోగమొస్తే ఇక్కడ ఈ మోత ఉండదుగా?"

"ఉండదక్కా."

"అయితే ఇటివ్వు, ఇంకో రెండు మంచి మాటలు రాస్తాను."