అన్నీ ఉప్పేనా, వదినా?

మేనత్త పోయిందని ఆసుపత్రి నుంచి నాన్న ఫోన్ చేసినప్పుడు, బతుకుదెరువుకు మేమొచ్చి ఉంటున్న ఉధ్నాలో కరెంటు లేదు. బట్ట నేసే సాంచెలన్నీ ఆగిపోయి వీధి చప్పుడు లేక నీళ్లలో మునిగినట్టుంది. ఆ మాట విన్నాక కూడా నేను మేడ మీదికి చూసి, అత్త ఇంకా కాలేజీ నుంచి రాలేదేమో అనుకున్నాను.

ఆమె మనస్తత్వశాస్త్రం చెప్పేది. మీరు చూసి ఉంటే లెక్చరర్ అనుకోరు. మెట్ల మీద కాళ్లు చాపుకుని పల్లీలు ఒలుస్తూ, వచ్చేపోయేవాళ్ల ముఖాలు కాదు, చేతులు చూసేది. "నోరు నేర్చుకున్నది చెప్తది, చెయ్యి అలవాటైంది చేస్తది" అనేది.

ఒకసారి తన విద్యార్థిని నీమాను వెంటబెట్టుకొచ్చింది. ఆఫ్రికా పిల్ల. ఆ రంగు చూసి ఉధ్నాలో ఎవరూ గది ఇవ్వలేదట. అత్త ఆమెను మా మేడ మీదే ఉంచింది. అమ్మ కాదనలేదు. నవ్వుతూ పలకరించేది, కూర వండితే ఇచ్చేది. కానీ గిన్నె అయినా, తాళంచెవి అయినా మెట్టు మీద పెట్టి వెనక్కి జరిగేది. కొన్నాళ్లకు నీమా వేరే చోటు వెతుక్కుంటానంది. దొరకదని ఆమెకూ తెలుసు.

కొట్లాటలు వస్తాయని మనం ఉప్పు చేతికివ్వం, కింద పెడతాం కదా! అమ్మ గిన్నె పెట్టే తీరు చూసి అత్త ఒకరోజు నవ్వుతూ అడిగింది: "అన్నీ ఉప్పేనా, వదినా?"

అమ్మకు రోషం వచ్చింది. "నేనేమన్న అన్ననా ఆ పోరిని? పల్లెత్తు మాటన్న అన్ననా?"

"అనలే. తిట్టెటోళ్లు అందరికీ కనవడ్తరు. మంచోళ్ల చెయ్యే తెల్వకుంట ఎనక్కి వోతది. మా చదువు చెప్పేది గదే. నా చెయ్యి గూడ వోతది వదినా. ఎరుకైనప్పుడల్ల జర ముంగటికి పెడ్త, గంతే."

అమ్మ ఇంకొన్నాళ్లు గిన్నె మెట్టు మీదే పెట్టింది. తర్వాత ఒక సాయంత్రం చాయ్ గ్లాసు నీమా చేతికే ఇచ్చింది. వేళ్లు తగిలి అమ్మ ఉలిక్కిపడింది. నీమా అది చూసింది. అమ్మ మర్నాడు మళ్లీ ఇచ్చింది. అత్త మాత్రం ఏమీ చూడనట్టు పల్లీలు ఒలుచుకుంది. ఎదుటివాళ్లను సిగ్గుపడనివ్వని మంచితనం ఆమెది. నీమా ఇంకెక్కడా గది వెతకలేదు.

ఆసుపత్రి నుంచి అత్తను ఇంటికి తెచ్చాక ఊరి నుంచి రావలసినవాళ్ల కోసం ఆగాం. ఇల్లంతా బంధువులు. కబురు విని కాలేజీ నుంచి వచ్చిన నీమా గేటు బయటే నిలబడి ఏడుస్తోంది. ఎవరో అనుకుని బంధువులెవరూ దారివ్వలేదు. అమ్మ లేచి వెళ్లి, "గిక్కడ్నే నిలవడ్డవేంది బిడ్డా?" అని తెలుగులోనే అడిగి, చెయ్యి పట్టుకుని తెచ్చి అత్త తల దగ్గర కూర్చోబెట్టుకుంది.

ఏడ్చి ఏడ్చి ఆ పిల్ల అమ్మ మీద వాలి నిద్రపోయింది. ఆడవాళ్లు వస్తున్నారు, చూస్తున్నారు, పోతున్నారు. భుజం తిమ్మిరెక్కిందని అమ్మ నాకు సైగ చేసింది. దిండు తెస్తానంటే వద్దంది.