ఖాజా భాయ్ ఖాళీగా ఉంచిన ఫ్రేమ్

శుక్రవారం పొద్దున్నే ఖాజా భాయ్ పోయాడని ఆయన కొడుకు ఫోన్ చేసినప్పుడు నేను నమ్మలేదు. ముందురోజు సాయంత్రమే ఆయన ఫోన్‌లో నాతో పోట్లాడాడు. నేను పంపిన ఫోటో చూసి, దవాఖానా మంచం మీది నుంచే, "గుట్ట వంకరున్నది దొరా. తప్పు గుట్టది కాదు, నీది" అన్నాడు. అంత నిక్కచ్చిగా తప్పు పట్టిన మనిషి తెల్లారేసరికి లేకుండా పోతాడని ఎట్లా నమ్మడం?

దమ్మపేటలో నలభై ఏళ్లు స్టూడియో నడిపిన ఖాజా భాయ్‌ని పెళ్లి ఫోటోల మనిషిగానే ఈ ప్రాంతం ఎరుగును. అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చి, స్టూడియోకు పాస్‌పోర్టు ఫోటోలు మాత్రమే మిగిలాక, అరవై దాటిన వయసులో ఆయన కెమెరా పట్టుకుని అడవిబాట పట్టాడు. "మనుషులు రాకుంటే ఏంది, గుట్టలున్నయి. నల్లగ పడ్డమని సతాయించవు" అనేవాడు.

నేను ఆయన దగ్గరికి పోయింది కూడా పాస్‌పోర్టు ఫోటో కోసమే. "గడ్డం కొంచెం దించుండ్రి దొరా" అన్నాడు. మా ఇంట్లో భూములు పోయాయి, బంగళా పోయింది, గడ్డం మాత్రం ఇంతవరకు ఎవరూ దించలేదని చెప్పాను. "దించకుంటే ముక్కు రంధ్రాలే పడ్తయి. తర్వాత మీ ఇష్టం." దించలేదు. రంధ్రాలే పడ్డాయి. బ్యాంకులో గుమాస్తా ఆ ఫోటోనూ నన్నూ మార్చి మార్చి చూసి వెనక్కి ఇచ్చాడు.

రెండోసారి తీయించుకోవడానికి వెళ్లినప్పుడు గోడ మీద ఒక ఫోటో కనిపించింది. మంచులో ఒంటరి తాటిచెట్టు, పక్కన వాగు. ఎక్కడిదని అడిగాను. "మీ తాత చేనే దొరా. ఇప్పుడు ఎవరిదో." ఆ చేను మా చేతిలో ఉన్నన్నాళ్లూ ఎంత పండిందో చెప్పుకున్నారు గానీ, అంత అందంగా ఉంటుందని మా ఇంట్లో ఎవరూ అనగా వినలేదు.

మరుసటి ఆదివారం ఆయన వెంట అడవికి వెళ్లాను. శిష్యుడిగా కాదు, తోడుగా. ఆ సంగతి ముందే చెప్పాను. "అవ్ దొరా, తోడే" అన్నాడు. ఎవరు అడిగినా చివరిదాకా ఆ మాటే చెప్పాడు. మా తాత గుర్రం మీద తిరిగిన దారిలో నేను ఖాజా భాయ్ స్కూటర్ వెనక, నడుం నిటారుగా పెట్టుకుని, ప్రతి గుంతకూ ఎగిరిపడుతూ వెళ్లాను. కెమెరా స్టాండు పట్టుకొమ్మన్నాడు. బరువులు మోయడం మా ఇంటి ఆచారం కాదన్నాను. "మొయ్యకు. మీ తాత తుపాకి ఏసుకున్నట్టు భుజానికేసుకో" అన్నాడు. వేసుకున్నాను. ఊళ్లో మీరు అనే మనిషి, అడవిలో కెమెరా తీయగానే నువ్వు అనేవాడు. పోను పోను ఫోటోల మాట వస్తే ఊళ్లోనూ నువ్వే. నాకు ఒళ్లు మండింది. ఆయన గమనించనేలేదు. వెలుతురు చూస్తున్నాడు.

వాగు మీద మంచు విడుస్తుండగా తన పాత కెమెరా నా చేతికిచ్చి, స్టూడియోలో లాగే, "కదలొద్దు... రెడీ" అన్నాడు.

"గుట్ట ఎక్కడ కదుల్తది ఖాజా భాయ్?"

"గుట్టకు కాదు, నీకే చెప్తున్న. ఊపిరి బిగవట్టు."

బిగబట్టి నొక్కాను. వెనక చిన్న తెర మీద గుట్ట, నీళ్లు, నీళ్ల మీద తొలి ఎండ. ఇంటికి వచ్చి, అన్నం చల్లారిపోయేదాకా దాన్నే చూస్తూ కూర్చున్నాను. యాభై అయిదేళ్లు దాటాక నాకు మొదటిసారి ఒక పని మీద మనసు పడింది.

మా మధ్య తగాదా ఒక్కటే. నేను వంగను. నా ఫోటోలన్నీ నిలబడ్డ మనిషి ఛాతీ ఎత్తు నుంచి తీసినవే. "సగం లోకం కిందనే ఉంటది దొరా, నీకు కనపడది" అనేవాడు. స్టూడియో అద్దాల కిటికీలో ఖాళీ ఫ్రేమ్ ఒకటి పెట్టి, "నేల మీద పండుకొని తీసిన ఫోటో ఒక్కటి తే. నీ పేరుతోని ఇందుల పెడ్త" అన్నాడు. మూడేళ్లు అది ఖాళీగానే ఉంది. వచ్చినవాళ్లందరికీ "అది దొరది" అని చూపించేవాడు. నాకు తలవంపుగా ఉండేది. అయినా వంగలేదు.

పోయిన ఏడు ఇప్పపూలు రాలే రోజుల్లో, ఒక కోయగూడెం పక్కన, పూల మీదికి ఎండ పాకుతుంటే ఖాజా భాయ్ బోర్లా పడుకున్నాడు. నేను పక్కన నిటారుగా నిలబడ్డాను. పూలేరుకోవడానికి చెల్లెలితో కలిసి గంపతో వస్తున్న ఆ గూడెం ముత్తమ్మ అంత దూరం నుంచే కేకేసింది.

"అయ్యో, సాయిబు పడ్డడే! ఓ దొరా, గుంజ లెక్క నిలవడ్డవేంది, లేపరాదు?"

నేను నోరు తెరిచేలోపే ఆమె, ఆమె చెల్లెలు ఆయన రెండు రెక్కలూ పట్టి లేపేశారు. ఆ గుంజుడులో కెమెరా నొక్కుకుంది.

"పడలే తల్లీ, ఫోటో తీస్తున్న!"

"ఫోటోకు పండాల్నా? మరి ఈయన పండడేంది? నడుం పట్టిందా?"

"నడుం కాదమ్మా, వంశం" అన్నాడు ఖాజా భాయ్, మట్టి కూడా దులుపుకోకుండా నవ్వుతూ. ఆ ఫోటోలో పడింది ముత్తమ్మ మడమ, నాలుగు పూలు, మిగిలినదంతా మసక. అదే పెద్దది చేయించి నా ఖాళీ ఫ్రేమ్ పక్కన పెట్టాడు.

శుక్రవారం జుమ్మా నమాజు తర్వాత ఆయన్ను మట్టికి తీసుకుపోయారు. ఒక్కొక్కరూ మూడు పిడికిళ్ల మట్టి వేస్తున్నారు. నా వంతు వచ్చింది. నిలబడితే మట్టి అందదు. మోకాళ్ల మీద కూలబడ్డాను. మూడో పిడికిలి వేసి తలెత్తితే, గడ్డిపోచల సందులోంచి దూరాన గుట్ట కనిపించింది. నిలబడి ఉండగా ఆ గడ్డి నాకు కనపడనేలేదు.

మొన్న ఆదివారం బస్సెక్కి ఒక్కణ్ణే ఇప్పచెట్ల దగ్గరికి వెళ్లి, పూల మధ్య బోర్లా పడుకున్నాను. వెనక అడుగులు వినిపించాయి.

"దొరా! నువ్వు గూడ పడ్డవా?" ముత్తమ్మ నా రెక్క పట్టుకుంది.

"లేపకు ముత్తమ్మా. కాసేపు గిట్లనే ఉండనీ."

ఆమె చుట్టూ చూసింది. "సాయిబేడి?"

చెప్పాను. గంప దించి, పక్కనే నేల మీద కూర్చుంది. ఎండ పూల మీదికి వచ్చాక ఊపిరి బిగబట్టి నొక్కాను.

ఆ ఫోటో ఇప్పుడు ఫ్రేములో ఉంది. కింద నా పేరు రాస్తానని ఆయన కొడుకు అంటే, పేరుకు ముందు "ఖాజా భాయ్ శిష్యుడు" అని రాయమన్నాను. ఆయన బతికుండగా ఇవ్వాల్సిన గౌరవం అది. నా బిగువు వల్ల ఆలస్యమైంది.

ఫోటోలో గుట్ట ఎడమ పక్కకు కొంచెం ఒరిగింది. తప్పు గుట్టది కాదు. వచ్చినవాళ్లంతా బాగుందంటున్నారు. వంకరున్నదని చెప్పేవాడు ఇక లేడు.