అరవై రెండు కిలోల ఆదెయ్య

మా మేనమామ ఆదెయ్య గుంటూరు మిర్చి యార్డులో ఇరవై ఏళ్ళు టిక్కీలు మోశాడు. టిక్కీ అంటే మిరపకాయల బస్తా, నలభై కిలోల పైమాటే. కొత్త పంట వచ్చిన మొదటి రోజు ఆయన పనిచేసే కమీషన్ కొట్లో కాటా సరిగ్గా ఉందో లేదో చూడటానికి రాళ్ళు తెచ్చేవాళ్ళు కాదు. మామయ్య చెప్పులు విడిచి ఎక్కేవాడు. అరవై రెండు చూపిస్తే రైతులు బస్తాలు దించేవాళ్ళు. ఏటా అరవై రెండే. ఆయనకది బిరుదులాంటిది.

తరవాత మోకాలు పాడైంది. ఆరేళ్ళు కోల్డ్ స్టోరేజీ గేటు దగ్గర కుర్చీలో కూర్చున్నాడు. పల్లె వదిలి బ్రాడీపేటకి మారాడు, స్కూటర్ కొన్నాడు, పదింటికి పునుగులు అలవాటు చేసుకున్నాడు. పొట్ట వచ్చింది. లుంగీ కట్టేవాడికి ఆ సంగతి చెప్పే బొత్తాం ఏముంది?

ఈ ఏడు మళ్ళీ నేను చీటీలు రాసే పాత కొట్లోనే కాటా దగ్గర పని ఇచ్చారు. మొదటి రోజు ప్రత్తిపాడు నుంచి వెంకటేశ్వరమ్మ తెచ్చిన కాయలు ముందున్నాయి. మామయ్య చెప్పులు విడిచి ఎక్కాడు. ఎనభై ఒకటి.

"కాటా పోయింది. తూకం ఆపండి," అన్నాడు.

"ఎక్కువ చూపిస్తే నాకే మంచిదిగా! తుయ్యి ఆదెయ్యా, ఎండకి నా కాయ తరిగిపోతోంది," అంది వెంకటేశ్వరమ్మ.

"దొంగ తూకం నా చేత్తో జరగదక్కా."

గుమస్తా కోటేష్ నవ్వాడు. "కాటా బానే ఉంది బాబాయ్. మనమే పెరిగాం. చూడు." ఎక్కాడు. ఎనభై ఎనిమిది. "మొన్న డాక్టరు దగ్గరా ఇంతే. షుగరు మాత్రలు కూడా రాశాడు."

"నువ్వు మొదట్నించీ బొద్దోడివేరా."

అది అబద్ధం. కోటేష్ కొట్లో చేరినప్పుడు ప్యాంటు జారిపోతోందని బెల్టుకి ఇంకో బెజ్జం పొడిచింది మామయ్యే. బస్తాలకి ట్రాలీలు వచ్చాక కొట్లో ఏ మగాడి బెల్టూ లోపలి బెజ్జం దాకా రాలేదు.

వెంకటేశ్వరమ్మకి విసుగొచ్చింది. "పోయిన వారం ఆసుపత్రిలో నన్ను నలభై తొమ్మిదన్నారు. చూసుకో!" అని ఎక్కింది.

నలభై తొమ్మిది.

మామయ్య అంకె వంక చూశాడు, తన పొట్ట వంక చూసుకున్నాడు.

"కాటా నిజమే అక్కా. తేడా వచ్చింది నాలోనే," అన్నాడు. బస్తాలన్నీ మెల్లగా తూచాడు.

మర్నాడు స్కూటర్ లేకుండా కుంటుకుంటూ వచ్చాడు. పక్క కొట్లో ఇరవై కిలోల ఇనపరాయి అడిగి కాటా మీద పెట్టించాడు. తను ఎక్కలేదు. పదింటికి పునుగులొస్తే పొట్లం కోటేష్ వైపు తోశాడు. కోటేష్ నా వైపు తోశాడు.

నేను తిన్నాను.