ఏ రాగి అని అడగలేదు

మొన్న మా వాడకట్టులో ఒక గృహప్రవేశానికి వెళ్తే, వచ్చిన ఆడవాళ్లందరికీ పసుపు కుంకుమలతో పాటు తలా ఒక రాగి సీసా చేతిలో పెట్టారు. నీళ్లు పోసుకుని తాగే సీసా, తళతళా మెరుస్తోంది. "పొద్దుగాల లేవంగనే దీంట్ల నీళ్లు తాగు వదినా, కడుపు సాఫ్ ఉంటది" అని ఆ ఇంటావిడ నాకు ప్రత్యేకంగా చెప్పింది. నేను దాన్ని కళ్లకద్దుకుని తీసుకుని, గడప దాటగానే పక్కింటామె సంచిలో వేసేశాను. "గిదేందక్కా, ఇంటికచ్చిన లక్ష్మిని ఎవలన్న గిట్ల ఇస్తరా?" అని ఆమె ఆశ్చర్యపోయింది. వీధిలో నిలబడి చెప్పే సంగతి కాదు కనుక నవ్వి ఊరుకున్నాను. ఆమెకు చెప్పనిది ఇక్కడ రాస్తున్నాను.

మాది హసన్‌పర్తి దగ్గర ఒక ఊరు. నన్ను మేనత్త కొడుక్కే ఇచ్చారు. అంటే మా అత్త మా నాన్నకు సొంత అక్క. ఆమె కాపురానికి వచ్చేటప్పుడు పుట్టింటి నుంచి రెండు రాగి బిందెలు తెచ్చుకుంది. చింతపండు, ఉప్పు వేసి వాటిని ఆమే తోమేది, ఇంకొకరిని ముట్టనిచ్చేది కాదు. తోమి వాకిట్లో బోర్లిస్తే పొద్దుటి ఎండకు ఎదురు గోడంతా ఎర్రబడేది. సాయంత్రం నీళ్లు నింపి మూత పెడితే తెల్లారి ఇంటిల్లిపాదీ అవే తాగాలి. మా ఇంట్లో ఎవరికీ జలుబు చేయకపోతే ఆ గొప్ప బిందెలదే. ఎవరికైనా జలుబు చేస్తే మాత్రం వాళ్లు బయట నీళ్లు తాగినట్టు లెక్క.

నా బిడ్డ ఎనిమిదో తరగతిలో ఉండగా దాని చేతిరాత చెడిపోయింది. కోడి గీకినట్టు రాస్తోందని టీచరమ్మ కబురు పెట్టింది. నాకప్పటికి అక్షరం ముక్క రాదు. నోటుబుక్కు తిప్పి చూస్తే పాత పేజీకీ కొత్త పేజీకీ నాకు తేడా కనపడలేదు. తరవాత అన్నం ముద్ద నోటి దాకా పోయేలోపు సగం కింద పడసాగింది. మాట ముద్దముద్దగా వచ్చేది. ఒకసారి పాలగ్లాసు జారవిడిస్తే వీపు మీద ఒక దెబ్బ కూడా వేశాను. ఆ దెబ్బ దానికి గుర్తు లేదంటుంది, నాకుంది. అత్త తాయెత్తు కట్టించింది. బలం లేక అట్లయితాందని ఎవరో అంటే, నేను రోజూ పొద్దున తైదంబలి కాచి పోశాను. మేం తైదలు అంటాం కానీ, దుకాణంలో ఆ పిండి పొట్లం మీద రాగి అని రాసి ఉంటుంది. ఆ సంగతి మా ఆయన చెబితే తెలుసు. అదే సమయంలో పిల్ల నల్లగుడ్ల అంచున తేనె రంగు వచ్చింది. "మా అయ్య కండ్లే అచ్చినయి దీనికి" అని అత్త ఊరంతా చెప్పుకుని మురిసింది.

కళ్ల తెలుపు పచ్చబడ్డాక హనుమకొండలో ఒక డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయాం. ఆమె టార్చి వేసి కళ్లలోకి చాలాసేపు చూసింది. అత్త మురిసిన ఆ తేనె రంగును చూసే కుర్చీలోంచి లేచింది. పరీక్షలు రాసింది. వాటిలో ఒకటి, ఒక రోజంతా మూత్రం డబ్బాలో పట్టి తేవడం. బస్సులో పక్కన కూర్చున్నావిడ డబ్బా చూసి, "ఏం నూనె అక్కా, పల్లీదా?" అంది. నా బిడ్డ సిగ్గుతో నా చెంగులో తల దాచుకుంది. అన్నాళ్లలో అది నవ్వడం అదే మొదటిసారి, చెంగులోనే నవ్వింది.

జబ్బు పేరు విల్సన్ అని చెప్పారు. "ఒంట్లోకి పోయిన రాగి బయటికి పోవడం లేదమ్మా. కాలేయంలో, మెదడులో, కళ్లలో పేరుకుంటోంది. తల్లి నుంచి సగం, తండ్రి నుంచి సగం వచ్చిన లోపం. గోలీలు బతికినంత కాలం వేసుకోవాలి. నిర్లక్ష్యం చేస్తే నడక పోతుంది, మాట పోతుంది, ఆఖరికి మనిషే పోతుంది" అంది డాక్టరమ్మ. మా పెద్దవాడికి కూడా పరీక్ష చేయించింది. వాడికి లేదు. ఇంటికొచ్చి అత్తకు చెబితే ఆమె ఒంటికాలి మీద లేచింది. "మా వంశంల ఎవ్వలకు లేదు గీ రోగం! నీ తల్లిగారింటి నుంచి అచ్చుంటది."

"మా తల్లిగారిల్లు ఎవలిదత్తా? నువ్వు పుట్టిన ఇల్లు కాదా?" అన్నాను.

ఆమె కొంచెం ఆలోచించి, "గదీ నిజమే" అని కూర్చుంది. తిట్టడానికి వేరే వంశం దొరకని కొట్లాట అది. మేనరికంలో ఉన్న సుఖం ఆ ఒక్కటే కాబోలు.

డాక్టరమ్మ ఇచ్చిన కాగితం మా ఆయన చదివాడు. అయిదో తరగతి దాకా చదువుకున్నవాడు. "రాగి ఎక్కువగా ఉండే పదార్థాలు పెట్టరాదు" అని మొదటి వాక్యం చదివి నా ముఖంలోకి చూశాడు. ఏడాదిగా రోజూ పొద్దున గిన్నెడు రాగి పోసింది నేనే కదా! పోసిన అంబలంతా బిడ్డ కాలేయంలో గడ్డకట్టిందనుకున్నాను. ఇంట్లో ఉన్న తైదపిండంతా తీసుకుపోయి బర్రెకు పెట్టాను. అత్త అయితే తైదల పేరే ఇంట్లో ఎత్తనివ్వలేదు. ఇంకా కడుపు శుద్ధి కావాలని బిందెలోంచి ఇంకో రెండు చెంబుల నీళ్లు ఎక్కువ తాగించేది. లోహం మనిషి కడుపులోకి పోతుందని మాలో ఎవరికి తడుతుంది? కాగితాన్ని భద్రంగా దేవుడి పటం వెనక పెట్టాం. రోజూ దీపం పెట్టినప్పుడు నేను దానికి కూడా దండం పెట్టాను.

మూడు నెలలకు మళ్లీ పోతే డాక్టరమ్మ రిపోర్టులు చూసి పెదవి విరిచింది. వణుకు తగ్గలేదు. గోలీలు సరిగ్గా వేస్తున్నారా అని అడిగింది. వేస్తున్నామన్నాం. తిండి సంగతి అడిగింది.

"రాగి ముట్టిస్తలేమమ్మా. రాగి జావ బంద్ చేసినం, పిండి బర్రెకు పెట్టినం" అన్నాను గొప్పగా.

డాక్టరమ్మ కలం కింద పెట్టింది. "రాగి జావా? మరి నీళ్లు దేంట్లో తాగుతారు?"

పిల్ల ముద్దమాటతో అమాయకంగా చెప్పింది. "మా బాపమ్మ బిందెల. రాగి బిందె."

డాక్టరమ్మ నెత్తి పట్టుకుంది. తరవాత, "తప్పు నాదేనమ్మా. ఏ రాగో నేను చెప్పి ఉండాల్సింది" అంది. అంత చదువుకున్న మనిషి నా ముందర ఆ మాట అన్నందుకు ఇప్పటికీ ఆమెను తలుచుకుని దండం పెట్టుకుంటాను. ఎందుకంటే, కాగితం చివరి వాక్యంలో రాగి పాత్రల్లో వండరాదు, నీళ్లు నిలవ ఉంచరాదు అని స్పష్టంగా అచ్చువేసి ఉంది. మేం అక్కడిదాకా పోలేదు.

ఇంటికొచ్చి అత్తకు చెప్పడానికి నాకు నోరు రాలేదు. మా ఆయనే చెప్పాడు. ఆమె ఏడవలేదు, వాదించలేదు. బిందెలు రెండూ నడవాలోకి తెచ్చి, ఇన్నేళ్లు తోమిన చేతులతో వాటిని ఒకసారి తడిమి, సంకన ఒకటి, నెత్తిన ఒకటి పెట్టుకుని బర్తన్ల దుకాణానికి నడిచిపోయింది. స్టీలు బిందెలతో తిరిగొచ్చింది. "వీటి ముఖం చూద్దామంటే అద్దమోలె మన ముఖమే కనవడతది" అని సణిగింది. ఆ రోజు నుంచి పిల్లకు గోలీ ఇచ్చే పని ఆమే పట్టింది. ఒక్క పూట తప్పించలేదు. నాకు ఆమెతో చాలా విషయాల్లో పడలేదు కానీ, ఈ విషయంలో మాత్రం ఆమె రుణం నాకు తీరేది కాదు.

ఆ గోలీ పరగడుపున వేసుకోవాలి. వేసుకున్నాక గంట దాకా ఏమీ తినకూడదు. పిల్ల ఆకలితో గడియారం చూస్తూ కూర్చుంటే నేనూ తినకుండా పక్కన కూర్చునేదాన్ని. చేతికి పట్టు రావాలని రోజూ రాయించమని డాక్టరమ్మ చెప్పింది. దేవుడి పటం వెనక ఉన్న కాగితం నన్ను నిద్రపోనివ్వడం లేదు. ఒకనాడు, "ఎట్లాగూ రాస్తున్నవ్ గద, నాకు సుత నేర్పు" అన్నాను. అట్లా నా నలభయ్యో ఏట ఆ ఆకలి గంటలో నా బడి మొదలైంది. అది పలక మీద రాసేది, నేను కింద దిద్దేదాన్ని. దాని ముద్దమాట నాకు అర్థంకాక, ఒక అక్షరం అనుకుని ఇంకోటి పలికేదాన్ని. "ఇద్దరిట్ల పంతులమ్మ ఎవలో నాకు సమజైతలేదు" అని అత్త పొయ్యి దగ్గర నుంచి ఎగతాళి చేసేది. నేను కూడబలుక్కుని మొదటిసారి పూర్తిగా చదివింది ఆ కాగితమే, చివరి వాక్యం దాకా.

ఏడాది తిరిగేసరికి పిల్ల మాట చక్కబడింది, చేయి నిలిచింది. నిలవడమంటే ఎంత, ఇప్పుడది హనుమకొండలో జాకెట్ల మీద మగ్గం వర్క్ చేస్తుంది. కంటికానని పూసలో సూది దూరుస్తుంది. గోలీలు మాత్రం నడుస్తూనే ఉన్నాయి. "మంచిగనే ఉన్నది గద, ఇంకెందుకు గోలీలు?" అని చుట్టాలడుగుతారు. "వేసుకుంటాంది గాబట్టే మంచిగున్నది" అని చెబుతాను. మా అత్త ఇప్పుడు లేదు. ఆమె నేర్పిన జవాబే అది.

ఈమధ్య నేను రాసిన సామాన్ల చీటీ చూసి నా బిడ్డ, "అమ్మా, గీ గీతలు పాము పోయినట్టు అట్ల ఎందుకు మెలిదిప్పుతవ్? సక్కగ రాయరాదు?" అంది.

"నువ్వు నేర్పిందే బిడ్డా" అన్నాను.

దానికి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. వణికే చేత్తో అది రాసి చూపితే, ఆ వణుకు కూడా అక్షరంలో భాగమే అనుకుని నేను శ్రద్ధగా దిద్దుకున్నాను. తెలిశాక పడీ పడీ నవ్వింది, నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. సరిచేస్తాను రమ్మంది. వద్దన్నాను. దాని చేయి ఆ ఏడాదిని ఎప్పుడో మరిచిపోయింది. అన్నీ తీసుకుపోయే కాలం, ఆ ఒక్క ఏడాదిని నా రాతలో మరిచిపోయి వెళ్లింది.