ఆశీర్వాదం మాస్టారు దిద్దిన రెక్క పాఠం

విమానం దిగబోతూ ఒక్కసారి కుదిపింది. కిటికీలోంచి చూస్తే రెక్క వెనక అంచు గుర్రుమంటూ కిందికి వంగుతోంది. ఆ చప్పుడుకి పక్కాయన దేవుణ్ణి తలచుకున్నాడు. నేను మా ఆశీర్వాదం మాస్టారిని తలచుకున్నాను.

బస్తర్ ఇనుప గనుల టౌన్‌షిప్ బడిలో నేను కొత్తగా చేరేనాటికి ఆయన సీనియర్ సైన్సు మాస్టారు. విజయనగరం వైపు నుంచి వచ్చిన రైల్వే కుటుంబం. శనివారం చివరి పీరియడ్‌లో, ఆ వారం తను తప్పు చెప్పినవి పిల్లల ముందు చదివి దిద్దుకునేవారు. చేజేతులా పరువు తీసుకోవడమెందుకని నాకు లోలోపల నవ్వొచ్చేది. పట్టా చేతికొచ్చిన పొగరు అప్పటికింకా దిగలేదు మరి.

ఆ రోజుల్లోనే రెక్క పాఠం చెప్పాను. రెక్క పైభాగం ఉబ్బెత్తుగా ఉంటుంది కాబట్టి పైగాలికి దూరం ఎక్కువ, వెనక అంచు దగ్గర కిందిగాలిని కలుసుకోవాలి గనక అది పరుగెడుతుంది, అందుకే రెక్క లేస్తుంది అని. పరీక్షలో లక్ష్మి ఇంకోలా రాసింది. తెలంగాణ సరిహద్దులోని పామేడు నుంచి వచ్చి హాస్టల్లో ఉండే పిల్ల. సున్నా వేశాను. దాంతో జగదల్‌పూర్ సైన్సు మేళాకు వెళ్లేవాళ్ల జాబితాలోంచి ఆమె పేరు పోయింది. ఇదేం రాతని పిలిచి కోప్పడ్డాను.

"చేటను వాలుగ పడితే గాలి కిందికి మళ్లుతది, చేట పైకి గుంజుతది మేడం. రెక్క గూడ గంతే అనుకున్న" అంది.

సాయంత్రం స్టాఫ్‌రూంలో ఆ పేపరు మాస్టారి కంటపడింది. "ఆ రెండు గాలులూ కలుసుకోవాలని ఎవలు చెప్పారమ్మా?" అన్నారు.

"పుస్తకంలో ఉంది సార్."

"కలవ్వమ్మా. పైగాలి ముందే పోతాది." టీ చెంచా తీసుకుని, దాని వీపు కుళాయి ధారకు తగిలేలా వదులుగా పట్టుకున్నారు. నీళ్లు ఆ వంపు వెంట పక్కకు మళ్లాయి. ధార చెంచాను తనలోకి లాక్కుంది. "వంపు నీటిని ఇటు తిప్పితే, నీరు చెంచాని అటు లాగింది. రెక్క కూడా తన వంపుతోనీ వాలుతోనీ గాలిని కిందికి తిప్పుతాది. ఆ గాలే దాన్ని పైకెత్తుతాది. పిల్ల రాసిందీ అదే కదేటి?"

నాకు తల కొట్టేసినట్టయింది. "మార్కులు మార్చేస్తాను సార్" అన్నాను.

"మార్చీసినా, తప్పు రాసాననే అనుకుంటాది. నువ్వే చెప్పాల."

శనివారం క్లాసులో లక్ష్మి పేపరు పట్టుకుని నిలబడ్డాను. "లక్ష్మి రాసింది రైటు. నేను చెప్పింది తప్పు. మేళాకి తను వెళ్తుంది" అన్నాను. ఎవరూ నవ్వలేదు. అంతవరకు క్లాసులో తనంతట తాను నోరు విప్పని లక్ష్మి లేచి నిలబడింది.

"మరి పైగాలి ముందెందుకు పోతది మేడం?"

"నాకూ తెలియదమ్మా. కలిసి చూద్దాం" అన్నాను. ఇన్నేళ్ల ఉద్యోగంలో పిల్లలకు నేను బెదురు లేకుండా చెప్పే మాట అదొక్కటే. అది మాస్టారి చలవ.