దేవుణ్ణి నిలదీసిన టీచరమ్మ

మా పక్కింటి టీచరమ్మ పోయింది. పోయిన ఆదివారం చర్చిలో ఆరాధన ముగిసే ముందు అయ్యగారు ఆ కబురు చెప్పి, "ప్రభువు పిలుచుకున్నారు, ఎవరూ దుఃఖపడొద్దు" అన్నారు. నేను మాత్రం దుఃఖపడతాను. చాలాకాలం పడతాను. ఏడ్చే మనిషిని ఏడవొద్దనడం టీచరమ్మకు అస్సలు గిట్టేది కాదు.

పద్మారావు నగర్‌లో ఒక బడిలో పాఠాలు చెప్పి రిటైరై, మౌలాలిలో మా గోడకు ఆనుకున్న ఇంట్లో ఉండేది. శుక్రవారం సాయంత్రాలు ఇంటింటి ప్రార్థన కూడికలకు అందరికంటే ముందొచ్చి ఫ్యాను కింద కుర్చీ పట్టేది. ప్రార్థన అనగానే మేమంతా కళ్ళు మూసుకుంటే, ఆమె కళ్ళజోడు కొంగుతో తుడిచి మళ్ళీ పెట్టుకునేది. "ఎవరి కోసం అడుగుతున్ననో ఆ మొహం చూడకుండ ఎట్ల అడుగుత?" అనేది. పాడితే శ్రుతి తప్పేది. ఎవరైనా నవ్వితే ఇంకా గట్టిగా పాడేది.

మా ఆయన కిడ్నీలు పాడై మంచం పట్టినప్పుడు కూడిక మా ఇంట్లోనే పెట్టారు. సంఘపెద్ద ఒకాయన మంచం పక్కన కూర్చుని, "దాచుకున్న పాపమేదైనా ఉంటే ఒప్పుకో తమ్ముడూ, దేవుడు స్వస్థత ఇస్తాడు" అన్నారు. లేచి కూర్చునే ఓపిక లేని మనిషి నిజంగానే వెతుక్కోవడం మొదలుపెట్టారు. చిన్నప్పుడు వాళ్ళన్నతో ఆడిన అబద్ధం దాకా వెళ్ళారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

టీచరమ్మ లేచింది. "ఏందీ పెద్దాయనా, పరేషాన్ల ఉన్నోనికి ఇంకో తక్లీఫ్ పెడ్తరా? పాపం జేసినోళ్ళందరి కిడ్నీలు పోతే ఈ అర్రల ఎవరం మిగులుతం?" అని మా ఆయన చెయ్యి పట్టుకుంది. "తండ్రీ, ఈ పిలగాడు మంచోడు. నీకు తెల్వదా? నాకిది నచ్చలే. బాగుచెయ్యి. చెయ్యకుంటే మళ్ళొస్త." అంతే ఆ ప్రార్థన. చాలా రోజుల తర్వాత మా ఆయన నవ్వారు.

ఆయన దక్కలేదు. నేను ప్రార్థన మానేశాను. ఒకరోజు టీచరమ్మ గిన్నెలో పప్పుచారు పట్టుకొచ్చింది.

"మీరు అంత గట్టిగా అడిగారు కదా, దేవుడు ఇచ్చాడా?" అన్నాను.

"ఇయ్యలే. ఎందుకియ్యలేదని రోజు అడుగుతనే ఉన్న. నువ్వు అలిగి మాట్లాడకపోతే ఆయనకే నిమ్మలం. గట్ల ఎందుకు వదిలిపెడ్తవ్ బిడ్డా? నీ కోపం సుత ఆయనకే చెప్పు."

ఆ రోజు వంటింట్లో నిలబడి దేవుడితో గొడవపడ్డాను. నోటికొచ్చినవన్నీ అన్నాను. టీచరమ్మ స్టూలు మీద కూర్చుని, నేను ఆయాసపడి ఆగినప్పుడల్లా "ఇంకా?" అనేది. జవాబేమీ రాలేదు. మర్నాడు మళ్ళీ అడిగాను. ఇప్పటికీ నా ప్రార్థనలో సగం గొడవే, అయినా మానలేదు. నాకు విశ్వాసం మిగిలిందంటే ఆమె పుణ్యమే.

మొన్న సమాధుల తోటలో తలా గుప్పెడు మట్టి వేశాం. పాట అయిపోయింది, జనం గేటు వైపు నడిచారు. నేను కదల్లేదు. "ప్రభువా, నా పక్కన నిలబడి నీతో కొట్లాడే ఒక్క మనిషినీ తీసుకున్నావ్. ఎందుకో నాకు చెప్పాలి" అని పైకే మొదలుపెట్టాను. వెళ్తున్నవాళ్ళు ఆగి వెనక్కి చూశారు. బయట మమ్మల్ని తెచ్చిన ఆటో అతను హారన్ కొట్టాడు. మట్టి అంటిన చెయ్యెత్తి ఆగమన్నాను. నేను అడగాల్సింది ఇంకా చాలా ఉంది.